కార్జంలో నీటి తిత్తి: కోయాలా, కాయాలా?



అవుకు, బనగానపల్లె, కోవెలకుంట్ల వైపు పల్లెల్లో ఎవరికైనా కడుపు స్కాన్ తీసి "కార్జంలో నీటి తిత్తి ఉంది" అని చెబితే, ఆ ఇంట్లో మొదట వచ్చే మాట "ఆపరేషన్ ఎప్పుడు?" అని. రెండో మాట "ఎంతవుతుంది?" అని. రెండు రోజులు పోకముందే చుట్టాల్లో ఒకరు వచ్చి, "కత్తి పెట్టించుకోవద్దప్పా, నాకు తెలిసిన పసరు మందు ఉంది" అంటారు. ఇంత మాట్లాడుకుంటారు గానీ, అడగాల్సిన ప్రశ్న మాత్రం ఎవరి నోటా రాదు. ఆ తిత్తి ఇప్పుడు ఏ దశలో ఉంది? బతికి పెరుగుతోందా? చిక్కిపోతోందా? ఎప్పుడో చచ్చి సున్నం పట్టి గట్టిపడిందా? ఇది తేలితేనే ఆపరేషన్ కావాలా, మాత్రలు చాలా, సూదితో పోతుందా, ఏమీ చేయకుండా వదిలేయవచ్చా అన్నది తేలుతుంది. ఈ పూట నేను చెప్పదలచింది ఈ సంగతే.

నేను మాట్లాడుతున్నది హైడాటిడ్ తిత్తి గురించి. ఎకినోకాకస్ గ్రాన్యులోసస్ అనే బద్దెపురుగు తన పిల్లదశలో మన ఒంట్లో కట్టుకునే నీటి సంచి ఇది. పదిమందిలో ఏడుగురికి కార్జంలో, ఇద్దరికి ఊపిరితిత్తుల్లో వస్తుంది. మిగిలినవాళ్లకు మూత్రపిండంలో, ప్లీహంలో, ఎముకలో, అరుదుగా మెదడులో కూడా వస్తుంది.

ఇది మన ప్రాంతానికి కొత్త జబ్బు కాదు. కర్నూలులో వైద్య కళాశాల పెట్టింది 1956లో. 1968లోనే సి.ఆర్.ఆర్.ఎం. రెడ్డి గారు, మరో ముగ్గురు పరిశోధకులు కలిసి కర్నూలులో హైడాటిడ్ వ్యాధి వ్యాప్తి మీద రాసిన వ్యాసం ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో వచ్చింది. అప్పటికి అవుకు, నంద్యాల, ఆళ్లగడ్డ అన్నీ కర్నూలు జిల్లాలోనివే. నంద్యాల వేరే జిల్లా అయింది 2022 ఏప్రిల్‌లో కదా. మన దేశంలో ఈ జబ్బు గురించి తర్వాత రాసినవాళ్లు కూడా ఎక్కువగా కనిపించే రాష్ట్రాలంటూ ఆంధ్రప్రదేశ్, తమిళనాడు పేర్లు చెబుతూనే వచ్చారు. యాభై ఏళ్లకు పైగా పుస్తకాల్లో ఉన్న సంగతి మన ఊళ్ల రచ్చబండ దాకా రాలేదు. నాకు బాధ కలిగించేది అదే.

మన దగ్గరే ఎందుకు? ఎర్రమల కొండల కింద అవుకు చుట్టుపక్కల గొర్రెలను చూడండి. కొండ వాలులో మేత, రిజర్వాయర్ ఒడ్డున నీళ్లు, కోతలు అయ్యాక చేలల్లో మంద కట్టడం. మంద వెంట కుక్కలు. కుక్క లేకుండా కాపరి ఉండలేడు, రాత్రి మందకు అదే కావలి. పురుగు కథ ఈ కుక్క పేగులో మొదలవుతుంది. పెద్ద పురుగు సాధారణంగా ఏడు మిల్లీమీటర్లకు మించదు. ఒక్కో కుక్కలో వందలు, వేలు ఉండవచ్చు. కుక్కకు మాత్రం ఏ బాధా ఉండదు, హుషారుగా తిరుగుతుంది. దాని మలంలో పురుగు గుడ్లు పడతాయి. గడ్డితో, నీళ్లతో అవి గొర్రె కడుపులోకి పోతాయి. గొర్రె కార్జంలో, ఊపిరితిత్తుల్లో నీటి తిత్తులు కడతాయి. ఆ గొర్రెను కోసినప్పుడు తిత్తులున్న కార్జం కుక్క నోట పడితే, దాని పేగులో మళ్లీ పెద్ద పురుగులు తయారవుతాయి. చక్రం తిరిగినట్టే.

మనిషి ఈ చక్రంలో పొరపాటున ఇరుక్కుంటాడు. కుక్క బొచ్చుకు అంటిన గుడ్లు నిమిరిన చేతికి అంటుతాయి. ఆ చేత్తోనే అన్నం కలుపుకుంటాం. కుక్కలు తిరిగిన మడిలోని కొత్తిమీర, ముల్లంగి సరిగా కడగకుండా తింటాం. ఎండ, ఎండిన నేల ఈ గుడ్లను త్వరగా చంపుతాయి. నీడ, చెమ్మ నెలల తరబడి కాపాడతాయి. అందుకే కాలువ గట్టున, రిజర్వాయర్ అంచున, ఇంటి వెనక నీళ్లు పారే చోట జాగ్రత్త ఎక్కువ కావాలి.

ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. యాటకూర తింటే ఈ జబ్బు రాదు. పచ్చి కార్జంలో తిత్తి ఉన్నా, దాన్ని తిన్న మనిషికి అందులోని పురుగు పిల్లల వల్ల తిత్తి కట్టదు. మనిషికి తిత్తి కట్టాలంటే కుక్క మలంలోంచి వచ్చిన గుడ్డే కడుపులోకి పోవాలి. ఒక మనిషి నుంచి ఇంకో మనిషికీ అంటదు. కాబట్టి తిత్తి ఉన్న కోడలికి వేరే కంచం పెట్టాల్సిన పని లేదు, వేరే మంచం వేయాల్సిన పని అంతకంటే లేదు.

తిత్తి పెరగడం చాలా నిదానం. ఏడాదికి కొన్ని మిల్లీమీటర్ల నుంచి కొన్ని సెంటీమీటర్ల దాకా. చిన్నప్పుడు మంద వెంట తిరిగినప్పుడు అంటింది నలభై ఏళ్ల వయసులో, వేరే దేనికో తీసిన స్కాన్‌లో బయటపడవచ్చు. చాలామందికి ఏ నొప్పీ ఉండదు. కొందరికి కుడి పక్కటెముకల కింద బరువు, నిండినట్టు ఉండడం, కొంచెం తిన్నా కడుపు ఉబ్బడం.

ఇంకో మాట. స్కాన్‌లో "సిస్ట్" అని రాసినంత మాత్రాన అది పురుగు తిత్తే అనుకోకండి. పుట్టుకతో వచ్చే మామూలు నీటి తిత్తులు చాలామంది కార్జంలో ఉంటాయి, వాటితో ఏ గొడవా లేదు. అమీబా వల్ల చీముగడ్డ కూడా కడుతుంది, దాని వైద్యం వేరు. ఏది ఏదో ముందు అల్ట్రాసౌండ్‌లోనే చాలావరకు తెలుస్తుంది. అనుమానం ఉంటే రక్తంలో ప్రతిరక్షకాల పరీక్ష చేస్తారు. ఆ పరీక్షలో లేదని వచ్చినా తిత్తి ఉండవచ్చు. ముఖ్యంగా తిత్తి పగలకుండా గట్టిగా ఉన్నప్పుడు రక్తానికి దాని జాడ తెలియదు. కనుక రక్తపరీక్ష కాగితం ఒక్కటే చూసి ధైర్యపడకూడదు, భయపడకూడదు.

సరే, అది హైడాటిడ్ తిత్తే అని తేలింది. ఇప్పుడు దశ.

లేత కొబ్బరిబోండాం తలచుకోండి. బయట పీచు, చిప్ప ఉంటాయి. అది మన శరీరం తనను కాపాడుకోవడానికి తిత్తి చుట్టూ కట్టిన గోడ. లోపల అంటుకుని తెల్లటి లేత పొర ఉంటుంది. అది పురుగుది. దాని నడుమ తేటనీళ్లు. ఆ పొర గోడకు అంటుకుని నీళ్లు బిగువుగా ఉంటే పురుగు బతికి, పుంజుకుని ఉన్నట్టు. దీన్ని మొదటి దశ అంటారు. ఆ పొర ఊడి నీళ్లలో తేలుతుంటే పురుగు బలం తగ్గుతున్నట్టు. ఇది మూడో దశలో మొదటి రకం. ఈ రెంటికీ మధ్యలో రెండో దశ ఉంది. అందులో పెద్ద తిత్తి లోపల పిల్ల తిత్తులు కిక్కిరిసి ఉంటాయి. మూడో దశలో రెండో రకంలో పిల్ల తిత్తులూ ఉంటాయి, గట్టిపడిన ముద్దా ఉంటుంది. నాలుగో దశకు లోపల నీళ్లు పోయి ముద్దగా మారుతుంది. అయిదో దశలో గోడకు సున్నం పడుతుంది.

ఈ విభజన రేడియాలజిస్టులు సరదాకు పెట్టుకున్నది కాదు. 1981లో ట్యునీషియా దేశపు వైద్యుడు ఘర్బీ అల్ట్రాసౌండ్‌లో ఈ తిత్తుల రూపాలను వరుస పెట్టాడు. 2003లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం దాన్ని మార్చి, తిత్తి జీవితక్రమం ప్రకారం అమర్చింది. అప్పటి నుంచి వైద్యం దశను బట్టి సాగుతోంది. కాబట్టి రిపోర్టులో "హైడాటిడ్ సిస్ట్, ఇన్ని సెంటీమీటర్లు" అని మాత్రమే రాసి, దశ రాయకపోతే, "డాక్టరు గారూ, ఇది ఏ దశ?" అని అడగండి. అడగడానికి మొహమాటం అక్కర్లేదు. మీ వైద్యం చాలావరకు ఆ అంకె మీద ఆధారపడి ఉంది.

ఎవరికీ నమ్మబుద్ధి కాని దారితో మొదలుపెడతాను. నాలుగు, అయిదు దశల తిత్తి ఏ ఇబ్బందీ పెట్టకుండా ఉంటే దానికి మందు వద్దు, సూది వద్దు, కత్తి వద్దు. పురుగు చచ్చిపోయింది, లేదా చావుకు దగ్గరగా పడి ఉంది. దాన్ని తీసేయడానికి కార్జం కోస్తే మేలు కంటే కీడే ఎక్కువ. 2010లో అంతర్జాతీయ నిపుణులు కలిసి రాసిన ఒప్పంద పత్రంలో ఈ మాట స్పష్టంగా ఉంది. చూస్తూ ఉండండి, అంతే. కానీ మన ఇళ్లలో "లోపల ఏదో ఉంది, తీయించుకోకపోతే ఎలా?" అన్న దిగులు తొలుస్తూ ఉంటుంది. ఆ దిగులుతో ఒక ఆసుపత్రి వద్దంటే ఇంకో ఆసుపత్రికి, అక్కడ వద్దంటే హైదరాబాదుకు పోయేవాళ్లను చూశాను. వద్దని చెప్పిన వైద్యుడు పనిచేయడం చేతకాక చెప్పలేదు. చదివి, చూసి, ఆలోచించి చెప్పాడు. ఆ మాటను నమ్మండి. అయితే చూస్తూ ఉండడం అంటే మరిచిపోవడం కాదు. మొదట ఆరు నెలలకోసారి, తర్వాత ఏడాదికోసారి అల్ట్రాసౌండ్ తీయించాలి. ఇది అయిదేళ్లు, కొందరికి పదేళ్లు సాగే పని.

రెండోది మాత్రలు. మందు పేరు ఆల్బెండజోల్. ఈ పేరు మీ పిల్లలకు తెలుసు. బడుల్లో ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న నులిపురుగుల నివారణ దినం అంటూ నమిలి మింగిస్తారే, అదే మాత్ర. అదే మాత్ర కాబట్టి ఒకటో రెండో మింగితే తిత్తి పోతుందని అనుకునేవాళ్లు ఉన్నారు. పోదు. పేగులోని నులిపురుగుకు ఒక మాత్ర చాలు, ఎందుకంటే మందు పేగులోనే ఉంటుంది, పురుగూ అక్కడే ఉంటుంది. తిత్తి ఉన్నది కార్జంలో, మందపాటి గోడల వెనక. మందు రక్తంలోకి ఎక్కి, కార్జంలో మారి, ఆ గోడలు దాటి లోపలికి నెమ్మదిగా ఇంకాలి. అందుకే మూడు నుంచి ఆరు నెలలు, రోజూ రెండు పూటలా వాడాలి. మోతాదు మనిషి బరువును బట్టి, కిలోకు రోజుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. అరవై కిలోలకు మించిన పెద్దవాళ్లకు సాధారణంగా పొద్దున 400, రాత్రి 400 మిల్లీగ్రాములు.

ఈ మందుకు ఒక చిత్రమైన గుణం ఉంది. కొవ్వు లేకుండా ఒంటికి పట్టదు. ఖాళీ కడుపున వేసుకుంటే చాలావరకు వచ్చిన దారినే పోతుంది. కొవ్వున్న భోజనంతో వేసుకుంటే రక్తంలో చేరే మందు దాదాపు అయిదు రెట్లు పెరుగుతుంది. మందు పనిచేయలేదని వచ్చేవాళ్లలో కొందరు పొద్దున్నే లేచి, కాఫీ కూడా తాగకముందు, నిష్ఠగా మాత్ర మింగినవాళ్లే. ఎవరూ చెప్పకపోతే వాళ్లకెలా తెలుస్తుంది? జొన్నరొట్టెలో వేరుశెనగ చట్నీ గట్టిగా వేసుకుని తిని, రాగిసంగటిలో నెయ్యి వేసుకుని తిని, కోడిగుడ్డుతో, వెన్న తీయని పాలతో, ఆదివారమైతే యాటకూరతో తిని మాత్ర వేసుకోండి. బీపీ, షుగరు, గుండె జబ్బు ఉన్నవాళ్లు ఈ నెయ్యి విషయం వైద్యుడిని అడిగి వాడాలి.

ఈ మాత్రలు ఎవరికి బాగా పనిచేస్తాయి? అయిదు సెంటీమీటర్ల లోపు, మొదటి దశ తిత్తికి, మూడో దశలో పొర ఊడిన తిత్తికి. పిల్ల తిత్తులు నిండిన రెండో దశకు మాత్రలతో ఆశ తక్కువ. వాడినవాళ్లలో కొందరి తిత్తి మాయమవుతుంది. ఎక్కువమందికి చిక్కి గట్టిపడుతుంది. కొందరికి కదలకుండా అలాగే ఉంటుంది. తగ్గిన తిత్తి ఏడాదికో రెండేళ్లకో మళ్లీ నీళ్లు పట్టడం కూడా ఉంది. అందుకే మాత్రలు ఆపగానే కథ అయిపోలేదు.

పాత చీటీల్లో ఈ మందు 28 రోజులు వాడి 14 రోజులు ఆపమని ఉండేది. ఇప్పుడు నిపుణులు ఆపకుండా వాడమనే చెబుతున్నారు. మీ పెదనాన్నకు పదిహేనేళ్ల కింద రాసిన చీటీ చూసి మీరు ఆపేయకండి, మీ వైద్యుడు మీకు చెప్పిందే చేయండి.

మందు అన్నాక జాగ్రత్తలు ఉంటాయి. ఇది కార్జాన్ని దెబ్బతీయవచ్చు, ఎముక మజ్జలో రక్తకణాల తయారీని తగ్గించవచ్చు. మొదట్లో రెండు వారాలకోసారి, తర్వాత నెలకోసారి రక్తకణాల లెక్క, కార్జం పరీక్ష చేయించాలి. కొందరికి జుట్టు రాలుతుంది, ఆపాక మళ్లీ వస్తుంది. జ్వరం, గొంతునొప్పి వచ్చి తగ్గకపోతే, కళ్లు పచ్చబడితే మాత్ర ఆపి ఆ రోజే వైద్యుడి దగ్గరికి పోవాలి. గర్భిణులు ఈ మందు వాడకూడదు. వాడుతున్న అమ్మాయిలు గర్భం రాకుండా చూసుకోవాలి, ఆపిన తర్వాత కూడా ఒక నెల ఆగాలి. కొత్తగా పెళ్లయిన కోడలికి ఈ మాట అత్తగారి ముందు చెప్పడానికి బిడియం ఉంటుంది. నర్సుతోనో, ఆశా కార్యకర్తతోనో పక్కకు పిలిచి చెప్పించమని అడగండి.

ఇక మూడోది సూది. నాకు ఈ అధ్యాయం అంటే ఇష్టం, ఎందుకంటే వైద్యులు తమ భయాన్ని తామే పరీక్షించుకున్న కథ ఇది.

చాలా కాలం వైద్య విద్యార్థులందరికీ ఒక హెచ్చరిక నేర్పేవారు: హైడాటిడ్ తిత్తికి సూది గుచ్చవద్దు. అందులోని నీళ్లు ఒక చుక్క కడుపులోకి జారినా ఒళ్లంతా దద్దుర్లు లేచి, ఊపిరి ఆడక, రక్తపోటు పడిపోయి మనిషి పోతాడు. పోకపోయినా ఆ చుక్కలోని పురుగు పిల్లలు కడుపంతా కొత్త తిత్తులు కడతాయి. భయానికి కారణం ఉంది. కానీ 1980ల నడిమికి అల్ట్రాసౌండ్ బాగా అందుబాటులోకి వచ్చి, సూది ఎక్కడ పోతోందో తెర మీద చూడగలిగారు. ట్యునీషియా వైద్యులు ముందు గొర్రెల మీద, తర్వాత మనుషుల మీద ఈ పద్ధతి చేసి చూపించారు. దానికి పెయిర్ అని పేరు పడింది.

పద్ధతి ఇది. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ, కార్జం మాంసం గుండా పోయేలా సన్నని సూది తిత్తిలోకి దించుతారు. కొంచెం నీళ్లు లాగి అందులో పైత్యరసం కలిసిందా అని అక్కడికక్కడే పరీక్షిస్తారు. పైత్యం ఉంటే తిత్తికీ పైత్యనాళానికీ దారి ఉన్నట్టు, అప్పుడు మందు ఎక్కించకూడదు, నాళాలు కాలిపోతాయి. లేకపోతే నీళ్లు లాగేసి, వాటి స్థానంలో చిక్కటి ఉప్పునీరో ఆల్కహాలో పంపుతారు. పది, పదిహేను నిమిషాలు ఆగి, లోపలి పురుగు పిల్లలు చచ్చాక మళ్లీ లాగేస్తారు. సూది వేయడానికి ముందు నుంచే ఆల్బెండజోల్ మొదలుపెట్టి, తర్వాత కనీసం నెల వాడతారు. పక్కన మత్తు వైద్యుడు, ప్రాణం నిలిపే మందులు సిద్ధంగా ఉంచుకునే ఇది చేయాలి. అవి లేని చోట చేస్తామంటే ఒప్పుకోకండి.

మన దేశంలో దీనికి గట్టి రుజువు ఇచ్చింది కాశ్మీరు. అదీ గొర్రెల సీమే. శ్రీనగర్‌లోని షేర్-ఇ-కాశ్మీర్ వైద్య సంస్థలో డాక్టర్ మహమ్మద్ సుల్తాన్ ఖురూ, ఆయన బృందం 50 మంది రోగులను తీసుకుని, సగం మందికి సూదితో తీసి ఆల్బెండజోల్ ఇచ్చారు, సగం మందికి ఆపరేషన్ చేశారు. ఎవరికి ఏది అన్నది ఎవరి ఇష్టం మీదా లేదు. ఫలితం 1997లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. సూది వేయించుకున్నవాళ్లు సగటున 4.2 రోజులు ఆసుపత్రిలో ఉన్నారు, ఆపరేషన్ అయినవాళ్లు 12.7 రోజులు. చికిత్స వల్ల వచ్చిన ఇబ్బందులు సూదివాళ్లలో 32 శాతం, ఆపరేషన్‌వాళ్లలో 84 శాతం. తిత్తి కనిపించకుండా పోయింది సూదివాళ్లలో 88 శాతం మందికి, ఆపరేషన్‌వాళ్లలో 72 శాతం మందికి. కూలికి పోయే మనిషికి ఎనిమిదిన్నర రోజుల తేడా అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు.

మరి ఆ పాత భయం? 2011లో ప్రపంచవ్యాప్తంగా అచ్చయిన దాదాపు ఆరు వేల సూది చికిత్సలను ఒకచోట చేర్చి లెక్క చూశారు. ప్రాణం తీసిన అలర్జీ ఇద్దరికి వచ్చింది, అంటే 0.03 శాతం. మందులతో సర్దుకున్న అలర్జీ 1.7 శాతం మందికి. కనుక ప్రమాదం లేదని అనను. ఆసుపత్రిలో, తెలిసిన చేతుల్లో, జాగ్రత్తతో చేస్తే అది చాలా చిన్నదని అంటాను.

సూది పనికొచ్చేది అయిదు నుంచి పది సెంటీమీటర్ల మధ్య ఉన్న మొదటి దశ తిత్తికి, పొర ఊడిన మూడో దశ తిత్తికి. ఆపరేషన్‌కు ఒళ్లు తట్టుకోలేని ముసలివాళ్లకు, ఆపరేషన్ తర్వాత తిత్తి మళ్లీ వచ్చినవాళ్లకు కూడా ఇది మంచి దారి. ఊపిరితిత్తుల్లోని తిత్తికి మాత్రం సూది గుచ్చరు.

కత్తి అవసరమయ్యేవాళ్లు కూడా ఉన్నారు, ఈ మాట దాచి మీకు సగం నిజం చెప్పలేను. పిల్ల తిత్తులు కిక్కిరిసిన పెద్ద తిత్తి, పది సెంటీమీటర్లు దాటి కార్జం అంచున పగలడానికి సిద్ధంగా ఉన్నది, పైత్యనాళంలోకి తెరుచుకున్నది, చీము పట్టినది, పగిలినది. వీటికి సర్జన్ కావాలి. అలాంటప్పుడు రేడియోలో ఎవరో ఆపరేషన్ లేకుండా పోతుందన్నారని నెలలు గడపకండి. వైద్య సేవ కార్డు మీద ఏ చికిత్స ఏ ఆసుపత్రిలో అవుతుందో అక్కడి ఆరోగ్యమిత్రను అడిగితే చెబుతారు.

తిత్తి ఉందని తెలిసినవాళ్లు ఇంట్లో అందరికీ కొన్ని గుర్తులు చెప్పి ఉంచాలి. ఉన్నట్టుండి కడుపులో తట్టుకోలేని నొప్పి, ఒళ్లంతా దురద, దద్దుర్లు, ఊపిరి అందకపోవడం, కళ్లు తిరిగి పడిపోవడం కనిపిస్తే తిత్తి పగిలి ఉండవచ్చు. వెంటనే 108కు ఫోన్ చేయండి. చలితో జ్వరం, కళ్లు పచ్చబడడం, కుడిపక్క పోట్లు ఉంటే తిత్తి పైత్యనాళంలోకి తెరుచుకుందేమో, చీము పట్టిందేమో అనుకోవాలి. కడుపు మీద గట్టిగా నొక్కి తోమించుకోవడం, కాల్పించుకోవడం వద్దు. నాపరాతి గనుల్లో పనిచేసేవాళ్లు, బరువైన బండలు కడుపుకు ఆనించి ఎత్తేవాళ్లు, పెద్ద తిత్తి ఉందని తెలిశాక మేస్త్రీతో మాట్లాడి పని మార్చుకోవడం మంచిది. కడుపుకు దెబ్బ తగిలితే తిత్తి పగులుతుంది. పసరు మందు సంగతి: అందులో ఏముందో ఇచ్చేవారికే తెలియదు, దెబ్బ తగిలేది కార్జానికే. ఆల్బెండజోల్ వాడుతూ పసరు తాగితే, పరీక్షలో కార్జం దెబ్బతిన్నట్టు వచ్చినప్పుడు ఏది చేసిందో తెలియక, పనిచేస్తున్న మాత్ర ఆపేయాల్సి వస్తుంది.

ఇప్పటిదాకా చెప్పింది తిత్తి కట్టాక చేసే పని. తిత్తి కట్టక ముందు చేసే పని మన వీధిలో, మాంసం కొట్టు దగ్గర, దేవర జరిగే చోట ఉంది. యాటను కోసినప్పుడు కార్జంలో నీటి తిత్తులు కనిపిస్తే కోసేవాడు ఏం చేస్తాడు? "ఇది పనికిరాదు" అని ఆ ముక్క కోసి పక్కకు విసిరేస్తాడు. అక్కడ కాచుకుని కుక్క ఉంటుంది. మనిషి తినకూడదని తీసేసినదాన్ని కుక్కకు వేయడంతోనే చక్రం మళ్లీ మొదలవుతుంది. ఊళ్లో ఎన్ని వందల స్కాన్లు తీసినా ఈ ఒక్క విసురు ఆగకపోతే జబ్బు ఆగదు. ఆ ముక్కను లోతుగా పూడ్చాలి, లేదా కాల్చాలి. కుక్కకు పెట్టాలనుకుంటే అరగంట బాగా ఉడకబెట్టి పెట్టాలి. దేవరలో ఒకే పూట ఎన్నో యాటలు తెగుతాయి. పొద్దున్నే ఒక గుంత తవ్వించి, దానికి ఒక మనిషిని కాపలా పెట్టడం ఊరి పెద్దలకు ఎంతసేపు?

కుక్కలకు ప్రాజిక్వాంటెల్ అనే మందు ఉంది. పశువుల ఆసుపత్రిలో అడగండి. తిత్తి తిన్నప్పుడు కుక్క పేగులో చేరిన పిల్లపురుగు పెద్దదై గుడ్లు పెట్టడానికి సుమారు ఆరున్నర వారాలు పడుతుంది. అందుకే ఆరు వారాలకోసారి మందు వేస్తే గుడ్లు పెట్టే దాకా రానివ్వదు. మందు పురుగును చంపుతుంది గానీ గుడ్డును చంపదు. కాబట్టి మందు వేసిన రెండు మూడు రోజులు కుక్కను కట్టేసి, దాని మలం పూడ్చాలి. కుక్కను ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగండి. శానిటైజర్ రాసుకుంటే ఈ గుడ్లు చావవు, నీళ్లతో రుద్ది కడిగితే పోతాయి.

ఇది జరిగే పనేనా అని అనుమానం ఉంటే ఐస్‌లాండ్ సంగతి వినండి. గొర్రెలు, కుక్కలు నిండిన ఆ దీవిలో ఒకప్పుడు ఈ జబ్బు ఇంటింటి మాట. 1863లో క్రాబె అనే డెన్మార్క్ శాస్త్రవేత్త అక్కడికి వెళ్లి కుక్కలను పరీక్షించాడు. తర్వాత ఆయన రాసిన చిన్న పుస్తకాన్ని జనానికి ఉచితంగా పంచారు. కోసిన గొర్రె లోపలి భాగాలు కుక్కకు వేయవద్దన్నదే అందులో ముఖ్యమైన మాట. శీతాకాలం రాత్రుళ్లు ఇంటిల్లిపాదీ కూర్చుని చదువుకునే జనం వాళ్లు. ఇరవయ్యో శతాబ్దం నడిమికి అక్కడ జబ్బు దాదాపు మాయమైంది. అప్పటికి ఆల్బెండజోల్ లేదు, అల్ట్రాసౌండ్ లేదు. న్యూజిలాండ్ కూడా కుక్కలకు మందు వేసి, పచ్చి మాంసం వ్యర్థాలు పెట్టడాన్ని చట్టంతో ఆపి, 2002 నాటికి జబ్బు లేని దేశంగా ప్రకటించుకోగలిగింది.

చివరిగా మందలు తోలుకుని పోయే అన్నలకు ఒక మాట. మేత కోసం నెలల తరబడి ఊరు వదిలిపోతారు, వైద్యం మధ్యలో తెగిపోయేది అక్కడే. పోయే ముందు నంద్యాల పెద్దాసుపత్రిలోనో, కర్నూలులోనో మీరు చూపించుకునే చోట తేదీలు చెప్పండి. ఎన్ని నెలలకు సరిపడా మాత్రలు ఇవ్వగలరో, దారిలో ఏ ఊరి ఆసుపత్రిలో రక్తపరీక్ష చేయించుకోవచ్చో అడిగి రాయించుకోండి. పాత స్కాన్ ఫిలిములు, రిపోర్టులు ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూట కట్టుకోండి, ఫోన్‌లో ఫొటో కూడా తీసి ఉంచుకోండి. కొత్త స్కాన్‌ను పాతదాని పక్కన పెట్టి చూస్తేనే తిత్తి చిక్కిందో పెరిగిందో చెప్పగలం. పాతది లేకపోతే మళ్లీ మొదటికొస్తాం. పోయినసారి తీసిన కాగితం చిన్నదే అయినా పారేయకండి.